డిటెక్టర్‌లో పెద్ద నంబర్ వచ్చింది: తవ్వాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి

మెటల్ డిటెక్టర్ కొత్తగా కొన్న మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "స్క్రీన్ మీద 90 దాటింది, బంగారమేనా?" చాలావరకు కాదు. ఆ నంబర్ వెండిది కావచ్చు, రాగిది కావచ్చు, కూల్‌డ్రింక్ డబ్బాది కావచ్చు, తుప్పు పట్టిన పెద్ద ఇనుప ముక్కదీ కావచ్చు. వీటిలో ఏదో నేల తవ్వకముందే చాలావరకు తేల్చుకోవచ్చు. దానికి రెండు నిమిషాల పరీక్ష చాలు. ఆ పరీక్ష ఎలా చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణలన్నీ అమెరికాలో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. ఎందుకంటే ఈ హాబీ మొదలుపెట్టే తెలుగువాళ్లలో చాలామంది అక్కడివాళ్లే, వాళ్ల పెరట్లోనూ పార్కుల్లోనూ దొరికేవి అక్కడి నాణేలే.

నంబర్ దేన్ని చెబుతుంది?

సిద్ధాంతం ఇంతే. కాయిల్ (మెషీన్ కింది చివర ఉండే పళ్లెం లాంటి భాగం) నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దానివల్ల లోహంలో చిన్న కరెంటు సుడులు పుడతాయి. వాటి స్పందన ఎంత ఆలస్యంగా తిరిగి వస్తుందో మెషీన్ కొలిచి, దాన్ని నంబర్‌గా చూపిస్తుంది. కరెంటు బాగా పారే లోహమైతే నంబర్ పెరుగుతుంది. వస్తువు పెద్దదైనా, మందంగా ఉన్నా, తెగిపోని గుండ్రటి ఆకారమైనా కూడా పెరుగుతుంది. అంటే మీకు కనిపించేది లోహం పేరు కాదు, లోహమూ సైజూ మందమూ ఆకారమూ అన్నీ కలిసిన ఫలితం.

అందుకే చిన్న బంగారు ఉంగరం నంబర్ సాధారణంగా మధ్యలో ఉంటుంది. అమెరికా అయిదు సెంట్ల నికెల్, డబ్బా మూత లాగే రింగు ఎక్కడ చూపిస్తాయో అదీ అటూ ఇటుగా అక్కడే. సన్నని బంగారు గొలుసు ఇంకా కష్టం. మెషీన్ గొలుసంతటినీ ఒక్క వస్తువుగా చూడదు, విడివిడి లింకులుగా చూస్తుంది. అందువల్ల బాగా తక్కువ నంబర్ వస్తుంది, ఒక్కోసారి కొక్కెం మాత్రమే పలుకుతుంది. బీచ్‌లో మంగళసూత్రం గొలుసు పోయిందని వెతికేవాళ్లు పెద్ద నంబర్ల కోసమే చూస్తే అది కాయిల్ కిందనే ఉన్నా దాటిపోతారు. వెండి మెట్టెలు కూడా అంతే. సర్దుకోవడానికి వీలుగా రింగు ఒకచోట తెగి ఉంటుంది కాబట్టి, అంతే వెండితో చేసిన మూసిన ఉంగరం కన్నా తక్కువ చూపిస్తాయి. మందమైన 22 క్యారెట్ల గాజు పోయిందంటే మాత్రం నంబర్ పైకి వెళ్లొచ్చు.

మీ మెషీన్ స్కేలు ముందు తెలుసుకోండి

ఒకరి 38, ఇంకొకరి 38 ఒకటి కావు. మైన్‌ల్యాబ్ కంపెనీ ఈక్వినాక్స్ 800 మైనస్ 9 నుంచి 40 వరకు చూపిస్తుంది, అందులో 38 అంటే వెండి డాలరు దరిదాపు. అదే కంపెనీ ఈక్వినాక్స్ 900 స్కేలు 99 వరకు ఉంటుంది, అందులో 38 మధ్యస్థం కన్నా తక్కువే. గారెట్ కంపెనీ ఏటీ ప్రో 99 వరకు చూపిస్తుంది. వీడియోలో ఎవరో చెప్పిన నంబర్ మీ మెషీన్‌కు పట్టుకురాకండి.

ఒక అంచనా కోసం చూడండి. ఈక్వినాక్స్ 800లో నికెల్ 12, 13 దగ్గర, జింక్ పెన్నీ (ఒక సెంటు) 20 చుట్టూ, డైమ్ (పది సెంట్లు) 25, 26 దగ్గర, క్వార్టర్ (పాతిక సెంట్లు) 30 అటూ ఇటూ, హాఫ్ డాలర్ 34 దరిదాపు పలుకుతాయి. ఏటీ ప్రోలో నికెల్ 50ల మొదట్లో, డైమ్ 80 దాటాక, క్వార్టర్ 85 పైన వస్తాయి. నేలను బట్టి, లోతును బట్టి ఇవి రెండు మూడు అంకెలు కదులుతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. అమెరికా డైమ్, క్వార్టర్ 1964 వరకు 90 శాతం వెండి. 1965 నుంచి రాగి మీద రాగి-నికెల్ పొర వేసినవి. అయినా వెండి డైముకూ మామూలు డైముకూ తేడా ఒకటి రెండు అంకెలే. కాబట్టి నంబర్ చూసి "ఇది వెండి" అని తేల్చడం కుదరదు. "నాణెం లాంటిది, తవ్వదగ్గది" అనే వరకే అది మిమ్మల్ని తీసుకెళ్తుంది. పెన్నీ విషయంలో మాత్రం తేడా స్పష్టంగా వినిపిస్తుంది. 1982లో పెన్నీని రాగి నుంచి జింక్‌కు మార్చారు, జింక్ పెన్నీ కాస్త కిందికి పలుకుతుంది.

కావలసినవి

మెషీన్, హెడ్‌ఫోన్స్. హెడ్‌ఫోన్స్ లేకుండా ఇనుము చేసే సన్నని గురగుర వినపడదు, ఈ పని సగం చెవితోనే నడుస్తుంది. గుంతలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే, చేతిలో పట్టుకునే చిన్న డిటెక్టర్, అంటే పిన్‌పాయింటర్. అంచు పదునైన చేతి పార. మట్టి పోసుకోవడానికి ఒక పాత టవల్. చిన్న అయస్కాంతం. నోట్‌బుక్, పెన్సిల్.

పరీక్షకు ఇంట్లోనివే చాలు: ఒక క్వార్టర్, ఒక నికెల్, పూజలో వాడే వెండి నాణెం, నలిపిన డబ్బా, తుప్పు పట్టిన మేకు, ఇనుప సోడా మూత, ఇనుప వాషర్.

ఇంకొకటి కూడా కావాలి, అనుమతి. అమెరికా నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటం నిషేధం. స్టేట్, సిటీ పార్కుల నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, వెళ్లేముందు కనుక్కోండి. ఇంగ్లండ్‌లో స్థలం యజమాని ఒప్పుకోవాలి, 1996 ట్రెజర్ చట్టం కిందికి వచ్చే వస్తువు దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కు (అక్కడి విచారణ అధికారికి) తెలపాలి. సెలవులకు ఇండియా వచ్చినప్పుడు ఇక్కడ పాత కోటల దగ్గరా గుళ్ల దగ్గరా ప్రయత్నిద్దామనే ఆలోచన వద్దు. పురాతన కట్టడాలను కాపాడే 1958 చట్టం కింద రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. మామూలు నేలలో దొరికినా, విలువ 10 రూపాయలు దాటే నిధి ఏదైనా 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఎలా చేయాలి

1. ముందు ఇంటి దగ్గరే పట్టిక తయారు చేసుకోండి. ఉంగరం, గడియారం తీసేసి, ఫోన్ దూరంగా పెట్టి, పరీక్ష వస్తువులను ఒక్కొక్కటిగా కాయిల్ ముందు ఊపండి. ఇది పెరట్లో చేయండి, ఇంట్లో నేల కింద ఇనుప కడ్డీలు ఉండొచ్చు. ప్రతిదాని నంబర్ రాసుకోండి. తర్వాత అదే వస్తువు 5, 10, 15 సెంటీమీటర్ల లోతులో పాతిపెట్టి మళ్లీ చూడండి. గాలిలో వచ్చినంత నిలకడ నేలలో రాదు. ఎర్రమట్టి, ఇనుప ఖనిజం ఎక్కువున్న నేలల్లో లోతు పెరిగేకొద్దీ నంబర్ తప్పటం మీరే చూస్తారు. ఈ పట్టిక లేకుండా మిగతా మెట్లన్నీ ఊహే.

2. స్థలానికి వెళ్లాక గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే మెషీన్‌ను అక్కడి నేలకు సర్దండి. కింద లోహం లేని చోట చూసుకుని చేయాలి. తర్వాత కాయిల్‌ను నేలమీద కదలకుండా ఉంచండి. కదలకపోయినా పెద్ద నంబర్లు మెరుస్తుంటే అవి నేలలోవి కావు. కరెంటు తీగలు, పాతిన కేబుల్, ఎలక్ట్రిక్ కంచె, జేబులో ఫోన్, వీటిలో ఏదో ఒకటి జోక్యం చేసుకుంటోంది. సెన్సిటివిటీ తగ్గించండి. మెషీన్‌లో నాయిస్ క్యాన్సెల్ (బయటి జోక్యాన్ని తగ్గించే సెట్టింగ్) ఉంటే వాడండి. శబ్దం తగ్గేదాకా ముందుకు వెళ్లొద్దు.

3. సిగ్నల్ వచ్చిన చోట ఆగి, కాయిల్‌ను చిన్నగా, అటూ ఇటూ సమంగా ఊపండి. కుడినుంచి ఎడమకు వచ్చిన నంబరే ఎడమనుంచి కుడికీ రావాలి. శబ్దం గుండ్రంగా, మొదలూ చివరా నున్నగా ఉంటే మంచి లక్షణం. చివర తెగినట్టు, చిటుక్కుమన్నట్టు వినిపిస్తే అనుమానించండి.

4. ఇప్పుడు మీరు 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. నా లెక్కలో మొత్తం పనిలో ఇదే అసలు పరీక్ష. నేలలో పడుకుని ఉన్న నాణెం ఏ వైపు నుంచి చూసినా గుండ్రమే, అందుకే నంబర్ ఒకటి రెండు అంకెలకు మించి కదలదు. మేకు అలా కాదు. ఒక దిశలో పెద్ద నంబర్ చూపించి, రెండో దిశలో ఇనుము నంబర్‌కు (స్కేలు అడుగున ఉండే నంబర్లకు) పడిపోతుంది, లేదా శబ్దమే మాయమవుతుంది.

అయితే దీనికి రెండు మినహాయింపులున్నాయి. వాటిని పట్టించుకోకపోతే మంచివే వదిలేస్తారు. మొదటిది, నిలువుగా నిలబడ్డ నాణెం. అది కూడా ఒక దిశలోనే బాగా పలుకుతుంది. రెండోది, మేకు పక్కనే ఉన్న నాణెం. ఒక కోణంలో కాయిల్ నాణేన్ని విడిగా పట్టుకుంటుంది, మిగతా కోణాల్లో రెండూ కలిసి నంబర్ కిందికి జారుతుంది. పాత ఇళ్లు కూలిపోయిన చోట మేకులు ఎక్కువ కాబట్టి ఇది తరచూ ఎదురవుతుంది. ఒకేచోట, ఒకే కోణంలో, ప్రతిసారీ అదే పెద్ద నంబర్ తిరిగి వస్తుంటే తవ్వండి. నంబరూ చోటూ రెండూ మారుతుంటే వదిలేయండి.

5. పిన్‌పాయింట్ బటన్ నొక్కి వస్తువు నడిమధ్య ఎక్కడుందో చూడండి. శబ్దం వచ్చిన చోటా పిన్‌పాయింట్ చూపించిన చోటా ఒకటే కావాలి. వంగిన మేకు, పొడవాటి ఇనుప కడ్డీ అయితే పెద్ద నంబర్ ఒకచోట వినిపించి, పిన్‌పాయింట్ నాలుగు అంగుళాలు పక్కకు చూపిస్తుంది. అలా తప్పితే ఇనుము అనే అనుకోండి. ఇక్కడే సైజు కూడా తెలుస్తుంది. నాణెమైతే శబ్దం అరచేయంత చోటులో మొదలై ముగుస్తుంది, డబ్బా అయితే జానెడు దాటుతుంది.

6. కాయిల్‌ను మెల్లగా పైకెత్తండి. పది సెంటీమీటర్ల లోతులో ఉన్న నాణెం, కాయిల్ కొద్దిగా లేవగానే బలహీనపడి ఆగిపోతుంది. ఒక అడుగు ఎత్తినా గట్టిగా అరుస్తూనే ఉంటే అది పెద్ద వస్తువు: డబ్బా, అల్యూమినియం గిన్నె, కుళాయి పైపు, పాత రేకు. ఇక్కడ స్క్రీన్ మీది లోతు గుర్తును నమ్మకండి. నాణెం సైజుకు సరిపడేలా దాన్ని తయారుచేశారు. పెద్ద వస్తువు లోతుగా ఉన్నా పైనే ఉన్నట్టు చూపిస్తుంది.

7. డిస్క్రిమినేషన్ (కొన్ని నంబర్లను వినిపించకుండా ఆపే సెట్టింగ్) పూర్తిగా తీసేసి, అన్ని లోహాలూ వినిపించే మోడ్‌లో మళ్లీ ఊపండి. అంతవరకూ ముచ్చటగా పలికిన సిగ్నల్ పక్కన ఇనుము గురగుర వినిపించిందా? మీ మెషీన్‌లో ఐరన్ బయాస్ (అనుమానపు సిగ్నల్‌ను ఇనుము వైపు మొగ్గించే సెట్టింగ్) ఉంటే దాన్ని కాస్త పెంచి, కాస్త తగ్గించి చూడండి. పెంచగానే పెద్ద నంబర్ కూలిపోతే ఇనుము అయ్యే అవకాశం ఎక్కువ. ఫ్రీక్వెన్సీ మార్చే వీలుంటే అదీ ప్రయత్నించండి. నాణెం దాదాపు తన చోటనే నిలబడుతుంది, సోడా మూత, తుప్పు పట్టిన రేకు అటూ ఇటూ ఎగిరిపడతాయి.

8. ఇప్పుడు నిర్ణయం తీసుకోండి, తవ్వకముందే నోట్‌బుక్‌లో రాయండి: నంబర్, రెండు దిశల్లో ఏం వచ్చింది, లోతు అంచనా, "నాణెం" లేదా "డబ్బా" అని మీ ఊహ. ముందే రాయడం ముఖ్యం. చూశాక రాస్తే అందరూ కరెక్టే.

9. గడ్డి ఉన్నచోట మూడు వైపులా కోసి, నాలుగో వైపు వదిలి, గడ్డిపెళ్లను మూతలా తెరవండి. పిన్‌పాయింటర్ చూపించిన చోట నేరుగా పార దించకండి, నాణెం మీద పడ్డ గీత ఎప్పటికీ పోదు. నాలుగైదు అంగుళాలు పక్కన కోయండి. పెళ్ల తెరవగానే మళ్లీ ఒకసారి కాయిల్ ఊపండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. పెళ్లలో ఉందా, గుంతలో ఉందా తెలుస్తుంది. ఇనుము అయితే ఈ దశలో బయటపడుతుంది కూడా. చుట్టూ తుప్పు చేరిన మట్టి కదలగానే పెద్ద నంబర్ పోయి ఇనుము నంబర్ వస్తుంది.

10. వస్తువు తీశాక గుంతను మళ్లీ పరీక్షించండి. నాణేలు జేబులోంచి ఒక్కటే పడాలని లేదు. ఇంకేమీ పలకనప్పుడు టవల్ మీది మట్టి మొత్తం తిరిగి పోసి, పెళ్ల మూసి, కాలితో అదమండి.

జాగ్రత్త: పెద్ద నంబర్, పెద్ద సైజు, గీత గీసినట్టు పొడవుగా సాగే సిగ్నల్ అంటే కేబుల్ లేదా పైపు కావచ్చు. మీ పెరట్లోనైనా సరే, అమెరికాలో తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే కింద ఏం లైన్లు ఉన్నాయో ఉచితంగా గుర్తు పెడతారు. ఇక పాత యుద్ధభూములు, మిలిటరీ శిక్షణ స్థలాల దగ్గర బరువైన, గుండ్రటి లేదా కోసుగా ఉన్న లోహం కనిపిస్తే తాకొద్దు, శుభ్రం చేయొద్దు. వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. వందేళ్ల నాటి గుండు కూడా పేలగలదు.

పెద్ద నంబర్ చూపించే మోసగాళ్లు

అల్యూమినియం డబ్బా: నంబర్ నిలకడగా ఉంటుంది, అదే దీని ప్రమాదం. నంబర్ బట్టి దీన్ని పట్టుకోలేరు, సైజు బట్టే పట్టుకోవాలి. 5, 6 మెట్లు దీనికోసమే. లాన్‌మోవర్ కింద పడి ముక్కలైన డబ్బా ఇంకా ఇబ్బంది పెడుతుంది. ముక్క సైజును బట్టి ఏ నంబరైనా రావచ్చు.

ఇనుప వాషర్, లాడం, గొడ్డలి తల: మధ్యలో రంధ్రమో, గుండ్రటి ఆకారమో, వెడల్పాటి మందమో ఉన్న ఇనుము మెషీన్‌ను మభ్యపెట్టి వెండి నంబర్ ఇస్తుంది. స్కేలు చిట్టచివర, అంటే 99లో 97, 98 లాంటి చోట నంబర్ మెరిసి మాయమైతే ముందు ఇనుమునే అనుమానించండి. వెండి నాణేలు సాధారణంగా అంత చివరికి వెళ్లవు.

సోడా మూత: నాణెం నంబర్‌కు దగ్గరగా పలుకుతుంది, శబ్దం మాత్రం కాస్త గరగరలాడుతుంది. కాయిల్ మధ్యభాగాన్ని దానిమీద ఉంచి మెల్లగా వెనక్కి లాగి, ముందు అంచు దానిమీదికి వచ్చేదాకా చూడండి. మూత అయితే అంచు దగ్గర నంబర్ కిందికి పడిపోవడం తరచూ కనిపిస్తుంది.

రాగి తీగ, ఇత్తడి కుళాయి, తుపాకీ తూటా వెనక ఉండే ఇత్తడి మూత: ఇవి తప్పుడు సిగ్నల్స్ కావు, మంచి లోహాలే. తవ్వక తప్పదు.

తరచూ చేసే తప్పులు

పెద్ద నంబర్లు మాత్రమే వినిపించేలా డిస్క్రిమినేషన్ పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఇనుము గురగురను మీరే నోరు మూయించి, అది చేసే తప్పుడు కేకను మాత్రం వింటారు. పైగా ఉంగరాలు ఉండే మధ్య నంబర్లన్నీ పోతాయి.

సెన్సిటివిటీ చివరిదాకా పెంచడం ఇంకొకటి. లోతు రాదు, అల్లరి వస్తుంది. కాయిల్‌ను వేగంగా ఊపడం, ఊపు చివర పైకి లేపడం కూడా నంబర్‌ను పాడుచేస్తాయి. తడి ఉప్పు ఇసుకలో మామూలు పార్క్ మోడ్‌తో వెతకకండి. ఉప్పునీరే కరెంటు పారనిస్తుంది కాబట్టి నేలే సిగ్నల్ ఇస్తుంది. బీచ్ మోడ్ వాడండి.

మరీ లోతైన సిగ్నళ్లకు ఈ నియమాలన్నీ కఠినంగా పెట్టకండి. మెషీన్ అందుకోగల చివరి లోతులో ఉన్న వెండి నాణెం నంబర్ కుదురుగా ఉండదు, కాసేపు కనిపించి కాసేపు పోతుంది. పైపైన ఉండి అలా తడబడితే చెత్త. లోతుగా, సన్నగా, మెత్తగా పలుకుతూ తడబడితే, అదీ పాత స్థలంలో అయితే, తవ్వడమే మేలు.

ఇంకొక హెచ్చరిక. ఎన్నో మీటర్ల దూరం నుంచి "బంగారం 99 శాతం" అని స్క్రీన్ మీద చూపించే పరికరాలు అమ్ముతుంటారు. గుప్తనిధుల పేరుతో మన ఊళ్లలో వాటిని నమ్మి లక్షలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. కాయిల్ కింద కొద్ది అడుగుల్లో ఉన్న లోహాన్ని మాత్రమే నిజమైన డిటెక్టర్ చెబుతుంది, అదీ లోహం పేరు చెప్పకుండా. దయచేసి వాటి జోలికి పోవద్దు, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

సరిగ్గా నేర్చుకుంటున్నారో లేదో చూసుకోవడం

మొదటి కొన్ని వారాలు, మీ అంచనా ఏదైనా సరే, పెద్ద నంబర్ వచ్చిన ప్రతిదాన్నీ తవ్వండి. అంచనా రాసి తవ్వితేనే చెవికి తేడా పడుతుంది. తీసిన ఇనుమును అయస్కాంతంతో నిర్ధారించుకోండి. తుప్పు, మట్టి పట్టిన ముక్క కంటికి రాగిలా కనిపించొచ్చు. తర్వాత నోట్‌బుక్ తెరిచి, "నాణెం" అని రాసినవాటిలో ఎన్ని నిజంగా నాణేలయ్యాయో చూడండి. ఎక్కువగా డబ్బాలు వస్తుంటే మీరు కాయిల్ ఎత్తి చూసే మెట్టును తొందరగా దాటేస్తున్నారు. ఎక్కువగా మేకులు వస్తుంటే 90 డిగ్రీలు తిరగడం సరిగా చేయట్లేదు, లేదా ఐరన్ బయాస్ మరీ తక్కువగా ఉంది. సోడా మూతలు వస్తుంటే శబ్దం వదిలేసి స్క్రీన్ మీదే కళ్లు పెడుతున్నారు. స్క్రీన్‌ను ఒక గుడ్డతో కప్పి ఒక పూట శబ్దం మీదే వెతికి చూడండి, తేడా తెలుస్తుంది.

వెండి నాణెం దొరికితే అక్కడికక్కడే రుద్దకండి. వేళ్ల మధ్య మట్టితో రుద్దితే గీతలు పడి విలువ పోతుంది. విడిగా చిన్న డబ్బాలో వేసి ఇంటికి తెచ్చి, నీళ్లలో నానబెట్టి, మట్టి దానంతటది వదిలాక మెత్తటి గుడ్డతో అద్దండి.